తీగ మీద ఆయిల్ చుక్క

ఎదురు షెడ్డాయన పోయాడు. ఆ కబురు నాకు మా పక్క ఆయిల్ షాపతను చెప్పాడు. మధ్యాహ్నం మూడున్నర అయి ఉంటుంది. నేను ఒక పాత డీజిల్ బండి కింద పడుకుని బోల్టు విప్పుతున్నాను. నా కాళ్ళు రెండే బయటికి ఉన్నాయి. అతను ఆ కాళ్ళని తట్టాడు.

"మేస్త్రిగారూ, ఒకసారి బయటికి రండి. ఎదురాయన లేరండి."

"లేకపోతే ఏం, టీకి వెళ్ళుంటాడు" అన్నాను కింద నుంచే.

"అలా కాదండీ. లేరు."

బోల్టు సగం విప్పి ఉన్నాను. మిగతా సగం కూడా విప్పి, నట్టు జేబులో వేసుకుని, అప్పుడు బయటికి వచ్చాను. పని మధ్యలో వదలడం నాకు అలవాటు లేదు. ఆ నట్టు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ బండికి వేరేది బిగించాను.

పటమటలో మా రెండు షెడ్లకీ మధ్య ఉన్నది ముప్పై అడుగుల రోడ్డు. నేను ఆ రోడ్డు దాటి అటు వెళ్ళి ఏడేళ్ళయింది. ఆ రోజు దాటాను.

ఆయన తన స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. వీపు గోడకి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని. తెల్లచొక్కా. దాని మీద ఒక్క మరక లేదు. ఎదుటి కుర్చీలో బండి తెచ్చిన పెద్దమనిషి పేపరు ముడిచి పట్టుకుని కూర్చున్నాడు. "ఆయిల్ చుక్క గుడ్డ మీద వేసి తీగకి తగిలించారండీ. కాసేపు ఆగుదాం అన్నారు. ఎప్పుడూ అలాగే కళ్ళు మూసుకుంటారు కదా, చుక్క కోసం ఆగారనే అనుకున్నాను. ఇరవై నిమిషాలు ఎదురుగానే కూర్చున్నానండీ, పేపరు చదువుకుంటా..." అన్నాడు.

తలెత్తి చూశాను. తీగ మీద తెల్లగుడ్డ ముక్క ఉంది. నడిమధ్య నల్లటి చుక్క. అది ఇంకా పాకుతోంది.

మా వీధి మేస్త్రీలంతా కలిసి ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. నన్నూ రాయమన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరాలు తప్పుంటే అచ్చువేసేవాళ్ళు దిద్దుకోవచ్చు, మాటలు మాత్రం దిద్దొద్దని చెప్పాను. ఇందులో ఆయన్ని పొగడడానికి చాలామంది ఉన్నారు. నేను వేరే సంగతి ఒకటి చెప్పాలి. కొత్త ఇంజన్ల వాల్వ్ టైమింగ్ పట్టుకోవడంలో ఈ వీధిలో నాకు ఏడేళ్ళుగా ఒక పేరు ఉంది. ఆ పేరు నాది కాదు. అది చెప్పేసి కలం కింద పెట్టేస్తాను.

ఆయన నాకంటే నాలుగేళ్ళు చిన్న. బతికుండగా "వాడు" అన్నాను. ముఖాముఖి "ఏవయ్యా" అన్నాను. ఆయన నన్ను ఏనాడూ "అన్నయ్యా" తప్ప ఇంకో మాట అనలేదు. ఇప్పుడు రాస్తుంటే "ఆయన" అని వస్తోంది. రానిస్తున్నాను.

ఆయన మీద నాకు కడుపుమంట. ఇది అందరికీ తెలిసిందే, దాచడానికేం లేదు. దేని మీద అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ముందు ఆ చొక్కా. మేం అందరం నీలం గుడ్డలు, ఖాకీ గుడ్డలు వేసుకునేవాళ్ళం. నా గోళ్ళల్లో నలుపు నా పెళ్ళి ఫోటోలో కూడా కనబడుతుంది. ఆయన మాత్రం ఇంజన్ విప్పినా, గేర్ బాక్సు దించినా తెల్లచొక్కాతోనే. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు చూస్తే బ్యాంకులో పనిచేసే మనిషిలా ఉండేవాడు. "పని చేస్తే కదా మరక పడేది" అని నేను మా షెడ్డులో నుంచి వినబడేట్టు అనేవాణ్ణి. ఆయన వినేవాడు, నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వంటే కూడా నాకు మంట.

చొక్కా పాతబడితే పారేసేవాడు కాదు. జానెడు వెడల్పున ముక్కలు కోసేవాడు. బండి రాగానే బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, ఆ ముక్క మీద ఒక చుక్క పడనిచ్చేవాడు. బండి నంబరు పెన్సిలుతో మూల మీద రాసి, షెడ్డు ముందు కట్టిన తీగకి బట్టల క్లిప్పుతో తగిలించేవాడు. తర్వాత స్టూలు మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు తొందరపడేవాళ్ళు. "కంప్యూటర్ పెట్టి చూడండి సార్" అనేవాళ్ళు. కంప్యూటర్ ఆయన దగ్గర ఉంది, మా వీధిలో మొదట కొన్నది ఆయనే. అయినా, "ముందు ఆయిల్‌ని చెప్పనీండి. తర్వాత దాన్ని అడుగుదాం" అనేవాడు. "అది ఎక్కడ నొప్పో చెబుతుందండీ. ఎందుకు నొప్పో చెప్పదు" అనేవాడు.

ఒక్కోరోజు తీగ మీద ఏడెనిమిది ముక్కలు వేలాడేవి. కొన్ని చుక్కలు పలచగా పాకి, అంచున పసుపు పట్టీ కట్టేవి. కొన్ని నల్లగా ముద్దగా ఉన్నచోటే ఉండిపోయేవి. రోడ్డు మీద లారీ వెళ్తే అన్నీ ఒకేసారి లేచేవి. అవి చూసినప్పుడల్లా నేను, "చాకలిబట్టలు ఆరేశాడు" అనేవాణ్ణి. నిజానికి ఆ తీగ చూడకుండా నాకు ఒక్క పూట గడిచేది కాదు. ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. అన్ని బండ్లు అటు వెళ్ళాయి, నా దగ్గరికి రాలేదు అని.

మేమిద్దరం ఒకే మేస్త్రి దగ్గర నేర్చుకున్నాం, గవర్నర్‌పేటలో. పాత జీపులు, లారీలు. ఒకరోజు మా మేస్త్రి మా ఇద్దర్నీ పిలిచి, జీపు స్టార్ట్ చేసి, "ఏంట్రా ఇది?" అన్నాడు. నేను టక్కున, "బేరింగు పోయింది" అన్నాను. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మా మేస్త్రి విసుక్కుని, "నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు. చాలాసేపటికి ఆయన, "ఆయిల్ పైదాకా రావట్లేదండీ. పంపు చూడాలి" అన్నాడు. పంపే. మా మేస్త్రి తన పాత స్పానర్ల సెట్టు ఆయనకి ఇచ్చేశాడు. ముందు మాట చెప్పింది నేను. అది తప్పు మాటే అనుకోండి, కానీ ముందు చెప్పింది నేను. ఇది జరిగి యాభై ఏళ్ళు. ఆ స్పానర్లు ఆ షెడ్డు గోడకి ఇప్పటికీ వరుసగా వేలాడుతున్నాయి. నాకు వాటి సైజులు కంఠతా వచ్చు.

తర్వాత కొత్త ఇంజన్లు వచ్చాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇంజన్ తలమీద వాల్వులు తెరిచి మూసే ఇరుసు ఒకటి ఉంటుంది, క్యామ్ అంటాం. పాత బండ్లలో దాన్ని ఒకసారి సరిగ్గా కూర్చోబెడితే మళ్ళీ కదిలేది కాదు. కొత్త బండ్లలో అలా కాదు. బండి నెమ్మదిగా వెళ్తే ఒక రకంగా, జోరుగా వెళ్తే ఇంకో రకంగా వాల్వులు తెరుచుకోవాలని, ఆ ఇరుసునే కాస్త ముందుకీ వెనక్కీ తిప్పుతారు. తిప్పేది ఇంజన్ ఆయిలే. వేలు లావు వాల్వు ఒకటి కంప్యూటర్ చెప్పినప్పుడు ఆయిల్‌ని వదులుతుంది. ఆ ఆయిల్ సన్నటి దారుల్లో నుంచి వెళ్ళి క్యామ్ చివరన చక్రాన్ని తోస్తుంది. ఆయిల్ ఆలస్యంగా వెళ్ళిందా, చెప్పిన టైముకి ఇరుసు తిరగదు. స్టీరింగు ముందు ఇంజన్ లైటు వెలుగుతుంది. పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే రెండు సెకన్లు టకటకమంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండదు.

ఇంత చక్కగా ఇప్పుడు రాస్తున్నాను. అప్పట్లో నాకు ఇందులో సగం కూడా తెలియదు.

ఆయన ఇలాంటి బండి వస్తే రాత్రికి షెడ్డులో వదిలేసి వెళ్ళమనేవాడు. పొద్దున్న ఆరింటికల్లా వచ్చి, చల్లగా ఉన్న ఇంజన్ మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి" అనేవాడు. ఆ రెండు సెకన్లు వినడానికి. "ఇంజన్ నిద్ర లేచేటప్పుడు అబద్ధం ఆడదు" అనేవాడు. నేనూ ఆరింటికే వచ్చేవాణ్ణి. షట్టర్ సగం ఎత్తి, లోపల నుంచి ఆయన్ని చూడడానికి. ఇది ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ బండి సంగతి.

కంకిపాడు దగ్గర చేపల చెరువులున్న ఒకావిడ. భర్త పోయాక చెరువులన్నీ తనే చూసుకుంటుంది. మాట కరుకు, నాలాగే. కారు తనే నడుపుకుంటూ వచ్చి, "మేస్త్రీ, కంపెనీవాళ్ళ సర్వీసు అయిపోయింది. ఇకనుంచి నువ్వే చూడాలి. నీ పేరు విన్నాను" అంది. నా పేరు విందట. ఎదురు షెడ్డు ముందు నుంచి వచ్చి నా దగ్గర ఆపింది. ఆ పూట నా నడకే మారిపోయింది.

ఆయిల్ దించాను. నీళ్ళలా పలచగా పడింది. నాకు నవ్వొచ్చింది. మా బెజవాడ ఎండకి ఈ నీళ్ళా? మే నెలలో రోడ్డు మీద తారు కరిగే ఊళ్ళో ఇంజన్‌కి చిక్కటి ఆయిల్ ఉండాలని మా మేస్త్రి చెప్పాడు. నలభై ఏళ్ళు నేనూ అదే పోశాను. ఒక్క ఇంజన్ పట్టెయ్యలేదు. పక్క షాపులో ట్వంటీ ఫిఫ్టీ, ఉన్నవాటిలో చిక్కనిది, తెప్పించి నిండా పోశాను. "మీ బండికి ఇకనుంచి దిగుల్లేదమ్మా" అన్నాను.

రెండు వారాలకి లైటు వెలిగింది. వెనక వీధిలో స్కానర్ ఉన్న కుర్రాడి చేత చూపించాను. క్యామ్ టైమింగ్ అన్నాడు. సెన్సర్ మార్చాను. మూడు రోజులు బాగుంది, మళ్ళీ వెలిగింది. ఆ వేలు లావు వాల్వు మార్చాను. మళ్ళీ వెలిగింది. ఇక చెయినే సాగిందని తేల్చి, ఇంజన్ ముందు భాగం మొత్తం విప్పి కొత్త చెయిన్ వేశాను. నాలుగు రోజులు తిండి సరిగ్గా తినలేదు. మళ్ళీ ఎక్కడా లోపం రాకూడదని విప్పినప్పుడల్లా కొత్త ఆయిల్ పోశాను. అదే ఆయిల్. ట్వంటీ ఫిఫ్టీ.

బండి తిరిగి ఇచ్చిన ఐదో రోజు ఆవిడ వచ్చి, దిగకుండానే, "మేస్త్రీ, లైటు చూడు" అంది. చూశాను. "ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడయ్యా. ఆటోవాడు!" అంది. ఆవిడ అక్కడే రివర్సు తీసి, రోడ్డు దాటి, ఎదురు షెడ్డులో పెట్టింది. ముప్పై అడుగులు. వీధంతా చూసింది.

నేను టైరు మీద కూర్చుని చూస్తున్నాను. ఆయన పుల్ల లాగాడు. గుడ్డ మీద నా ఆయిల్ చుక్క. పక్కనే తన డబ్బాలో నుంచి ఇంకో చుక్క వేశాడు. తీగకి తగిలించి కూర్చున్నాడు. కాసేపటికి లేచి ఆ గుడ్డ చూశాడు. తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని వెలుగులో పెట్టి చదివాడు. చదివి, ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. నేను తల తిప్పేసుకున్నాను.

ఆవిణ్ణి కాఫీ తాగి రమ్మని పంపించాడు. బండి లోపలికి తోయించి, నాకు కనబడకుండా షట్టర్ సగం దించాడు. రెండు గంటల తర్వాత బండి బయటికి వచ్చింది. ఆవిడ కంకిపాడు వైపు వెళ్ళిపోయింది.

నా పని అయిపోయిందనుకున్నాను. రేపటినుంచి వీధిలో తలెత్తుకోలేను, షెడ్డు మూసుకోవాలి అనుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడ అన్నం పెట్టి, "ఎవరు చచ్చారు?" అని అడిగింది.

వారం తర్వాత ఆవిడ నా షెడ్డుకే వచ్చింది. డిక్కీలో నుంచి రెండు బొచ్చెచేపలు, తోకలు ఇంకా కొట్టుకుంటున్నాయి, తీసి నా చేతిలో పెట్టింది. "ఆవేళ తొందరపడ్డాను మేస్త్రీ, మనసులో పెట్టుకోకు. ఎదురాయన చెప్పాడు. పని మొత్తం నువ్వే సరిగ్గా చేశావట. కొత్త చెయిన్ కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుందట, ఆగకుండా నేనే పరిగెత్తానట. లైటు ఆపేసి పంపించాడంతే. చేతికూలి కూడా తీసుకోలేదు."

ఆవిడ చెబుతుండగానే నేను బానెట్ ఎత్తి పుల్ల లాగాను. దాని చివర నుంచి ఆయిల్ జారింది, నీళ్ళలా పలచగా, తేనెరంగులో. అది నా ఆయిల్ కాదు. మూత విప్పాను. ఏ ఆయిల్ పొయ్యాలో మూత మీదే అచ్చువేసి ఉంది. సున్నా, ఒక ఇంగ్లీషు అక్షరం, ఇరవై. ఆ మూత నేను నాలుగుసార్లు నా చేత్తో విప్పాను. ఇంజన్ మూత మీద చదవడానికి ఏదన్నా ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు.

అప్పుడన్నా నిజం చెప్పాలి కదా. చెప్పలేదు. "ఫర్లేదమ్మా" అన్నాను. చేపలు ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ పులుసు పెట్టింది. తిన్నాను. బాగానే ఉంది.

ఆవిడ ఊరుకోలేదు. కంకిపాడు చుట్టుపక్కల చెరువులవాళ్ళకందరికీ చెప్పింది. "కొత్త ఇంజన్‌కి వాల్వ్ టైమింగ్ అంటే పటమటలో ఆ మేస్త్రీయే" అని. బండ్లు వచ్చాయి. ఏడేళ్ళు వచ్చాయి. నేను రోడ్డు దాటడం మానేశాను. కనబడితే ఎలా ముఖం పెట్టాలో తెలియక కోపం పెట్టుకున్నాను. వీధిలో నా పరువు తీసినా క్షమించేవాణ్ణి. పరువు కాపాడాడు, అది మింగుడుపడలేదు. మంచితనంలో కూడా వీడే ముందా అని.

ఇంకో సంగతి. ఆ బండి వచ్చి వెళ్ళిన మర్నాటినుంచి ఆయనకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఆయిల్ షాపు నా షెడ్డుకి ఆనుకుని ఉంది. ఆయన రోడ్డు అవతల అంచున నిలబడి, షాపతన్ని కేకేసేవాడు. బండి పేరు, ఆయిల్ నంబరు. "ఎర్ర చిన్నకారు! జీరో ట్వంటీ! మూడున్నర లీటర్లు!" "పెద్ద డీజిల్! ఫైవ్ థర్టీ!" లారీల మోతలో కూడా వినబడేట్టు గొంతు చించుకునేవాడు. అంత నెమ్మదస్తుడు, ఇంజన్ ముందు గొంతు ఎత్తని మనిషి. నేను మా షెడ్డులో పళ్ళు నూరుకునేవాణ్ణి. "తెలిసింది చాలదు, ఊరికి చాటాలి వీడికి" అనేవాణ్ణి. అంటూనే ఏ బండికి ఏ నంబరో నా మనసులో పడిపోయేది. తర్వాత అలాంటి బండే నాకు వస్తే అదే నంబరు పోసేవాణ్ణి. ఏడేళ్ళలో ఒక్క బండి కూడా ఆ లైటుతో నా దగ్గరికి తిరిగి రాలేదు. అది నా తెలివే అనుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను "బావగారూ" అంటుంది. ఆయన నన్ను అన్నయ్య అనేవాడు కాబట్టి. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. ఏం మాట్లాడాలో తోచక నేను, "ఇవ్వాళ మా వీధి నిశ్శబ్దంగా ఉందమ్మా. ఆ ఆయిల్ కేకలు లేవు" అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఆ కేకలకి రాత్రి ఉప్పునీళ్ళు పుక్కిలించేవారు బావగారూ. గొంతు పోయేది. 'ఫోన్ ఉంది కదండీ, షాపుకి ఫోన్ చెయ్యొచ్చు కదా' అని పోట్లాడేదాన్ని. 'ఫోన్ చేస్తే అన్నయ్యకి వినబడదు కదే' అనేవారు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఏమన్నాడమ్మా?"

"అదే కదండీ. 'అన్నయ్యకి ఇంగ్లీషు రాదు. అడిగే మనిషి కాదు, చెబితే పడే మనిషి అంతకన్నా కాదు. చెవిన పడితే చాలు, మర్చిపోడు' అనేవారు. మీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. నీళ్ళు తాగకుండానే లేచి వచ్చేశాను. ఇంటికి వెళ్ళలేదు. షెడ్డులో ఆ టైరు మీదే కూర్చున్నాను. జాలిపడ్డాడేమో అని ఒక మంట. జాలి కూడా కాదు, నన్ను నాకన్నా బాగా చదివాడు, ఇంజన్ని చదివినట్టు. అది ఇంకా పెద్ద మంట. ఎంత కూర్చున్నా ఆ మంట తగ్గలేదు. మీరు తగ్గిందని రాస్తాననుకుంటే, లేదు.

పదకొండో రోజు భోజనాలు. ఇంటి ముందు సందులో షామియానా వేశారు. జనం పట్టలేదు. రెండు వైపులా కార్లు ఆగి ఉన్నాయి. నేను పోతే ఇంతమంది రారు. చెరువులావిడ కూడా వచ్చింది. ఆకు ముందు కూర్చున్నాక ఆయన గురించి తలా ఒక మాట చెప్పుకుంటున్నారు. ఆవిడ నన్ను చూపించి, అందరికీ వినబడేట్టు, "ఆయన మంచి మనిషే, కాదనను. కానీ పనిమంతుడంటే ఈ మేస్త్రీ. నా బండి వాల్వ్ టైమింగ్ పోతే చెయిన్‌తో సహా మార్చి నిలబెట్టాడు. ఆయనే ఒప్పుకున్నాడు ఆ మాట" అంది.

వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి ఉంది. విన్నది. తలూపింది కూడా, అవునన్నట్టు.

ఇదే నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది. ఆయన ఇంటి ముందు, ఆయన మనుషుల మధ్య, నేను ఆయనకన్నా గొప్ప అని ఒకరు అనాలి. అన్నారు. ఊరుకుంటే చాలు, అలాగే నిలిచిపోతుంది. కాదనడానికి ఆయన లేడు.

"కాదమ్మా" అన్నాను.

"ఏంటి కాదు?"

"మీ బండి పాడు చేసింది నేను. చిక్కటి ఆయిల్ పోశాను. ఆ సన్నటి దారుల్లో అది టైముకి పోలేదు. సెన్సర్ బాగానే ఉంది, వాల్వు బాగానే ఉంది, చెయిన్ బాగానే ఉంది. అన్నీ అనవసరంగా మార్చాను. మార్చిన ప్రతిసారీ అదే ఆయిల్ మళ్ళీ పోశాను. ఆయన దాన్ని పారబోసి సరైనది పోశాడు. అంతే జరిగింది. మీతో అబద్ధం చెప్పాడు, నా కోసం."

పందిట్లో అందరూ తినడం ఆపారు. ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏడేళ్ళు?" అంది.

"ఏడేళ్ళు."

"అయితే ఇన్నాళ్ళూ మేమంతా రోడ్డుకి తప్పు వైపు బండ్లు పెట్టామన్నమాట."

"అంతే" అన్నాను.

ఆవిడ ఆకు మడిచి లేచింది. చెయ్యి కడుక్కుని, వాళ్ళావిడకి దణ్ణం పెట్టి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ బండి పోయిన వారమే సర్వీసుకి రావాలి. రాలేదు. కంకిపాడు వైపు నుంచి వేరేవాళ్ళూ ఎవరూ రాలేదు. రాకపోతే రాకపోయారు. చెప్పినందుకు నాకు ఏదో తేలికపడిందని కూడా అనను. పని సగంలో వదలడం అలవాటు లేదని మొదట్లోనే చెప్పాను, ఇదీ అలాంటిదే.

నేను వెళ్ళబోతుంటే వాళ్ళావిడ లోపలికి పిలిచింది. కోపంగా ఉంటుందనుకున్నాను. బీరువాలో నుంచి చొక్కాల దొంతర తీసింది. తెల్లవి, తొమ్మిది, ఇస్త్రీ చేసినవి. "ఇవి నేనేం చేసుకోను బావగారూ. తీసుకెళ్ళండి" అంది. వేసుకోవడానికో, కొయ్యడానికో చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంటికి తెచ్చి, తలుపు వేసుకుని, ఒకటి వేసుకుని చూశాను. భుజాలు నాకు జారిపోయాయి. ఆయన నాకన్నా సన్నగా ఉంటాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అదీ తప్పే.

నిన్న పొద్దున్న ఒక బండి వచ్చింది. ఎవరో కొత్తవాళ్ళు, ఆయన కోసం వచ్చి, షట్టర్ వేసి ఉండడం చూసి ఇటు తిరిగారు. లైటు వెలుగుతోంది, ఫ్లైఓవర్ మీద పికప్ లేదు. నేను ముందుగా మూత విప్పి వెలుగులో పెట్టి చదివాను. కాస్త టైము పట్టింది. తర్వాత ఒక చొక్కా తీసి, కత్తెరతో కింద అంచు నుంచి జానెడు వెడల్పు ముక్క కోశాను. జేబు ఉన్న వైపు కొయ్యలేదు. చుక్క వేశాను. మా షెడ్డు ముందు తీగ లేదు. రోడ్డు దాటి వెళ్ళి, ఆయన తీగకే తగిలించాను.

ఆ తీగ మీద ఆయన ఆఖరున వేసిన ముక్క ఇంకా అక్కడే ఉంది. ఎవరూ తియ్యలేదు. దాని చుక్క ఎప్పుడో ఆరిపోయి, అంచున పసుపు పట్టీ కట్టి ఉంది. పక్కన నాది.

"ఎంతసేపండీ?" అని బండివాళ్ళు రోడ్డు అవతల నుంచి అడిగారు.

ఆయన స్టూలు షట్టర్ బయటే ఉండిపోయింది. దాని మీద కూర్చోలేదు, పక్కన నిలబడ్డాను. లారీ ఒకటి వెళ్ళింది. రెండు ముక్కలూ ఒకేసారి లేచి, మళ్ళీ దిగాయి. నా చుక్క ఇంకా పాకుతోంది.